మట్టి తట్ట మేడ మీదికి ఎక్కకముందే: అపార్ట్‌మెంట్ నివాసుల సంఘాలకు బహిరంగ లేఖ

హైదరాబాద్, వరంగల్, విజయవాడ, గుంటూరు, విశాఖ, ఇంకా మన రెండు రాష్ట్రాల పట్టణాల్లోని అపార్ట్‌మెంట్ సంఘాల అధ్యక్ష, కార్యదర్శులకు, సభ్యులకు నమస్కారం.

ఎండాకాలం వచ్చిందంటే జనరల్ బాడీ సమావేశంలో పై అంతస్తు వాళ్లు అడిగేది ఒక్కటే. రాత్రి పదకొండు దాటినా శ్లాబు సెగ తగ్గడం లేదు, ఫ్యాను వేస్తే వేడిగాలే కొడుతోంది, ఏదో ఒకటి చెయ్యండి అని. ఈ మధ్య ఆ ‘ఏదో ఒకటి’ గ్రీన్ రూఫ్ అవుతోంది. మంచి ఆలోచనే. కానీ చాలా సంఘాలు ఈ పనిని మొక్కల నుంచి మొదలుపెడుతున్నాయి. నర్సరీ వాళ్లను పిలిచి కొటేషన్ తీసుకోవడం, ఎర్రమట్టి లోడు తెప్పించడం, ఆ తర్వాత రెండో వానాకాలానికి పై ఫ్లాట్ సీలింగులో చెమ్మ, గొడవ, చివరికి మొత్తం తవ్వి పారేయడం. గ్రీన్ రూఫ్ తోట పని కంటే ముందు శ్లాబు పని, నీటి పని. ఆ వరసలో తీర్మానం చేయండని అడగడానికే ఈ లేఖ.

ముందుగా ఒక తేడా చెప్పుకోవాలి. మన దగ్గర బాగా వ్యాపించిన మిద్దెతోట వేరు, గ్రీన్ రూఫ్ వేరు. మిద్దెతోటలో టబ్బులు, మడులు ఉంటాయి, కూరగాయలు పండుతాయి, టబ్బుల మధ్య శ్లాబు మాత్రం ఎండలోనే ఉంటుంది. గ్రీన్ రూఫ్ అంటే శ్లాబును సన్నని పొరలతో పూర్తిగా కప్పి, వాటి మీద నేలబారు మొక్కలు పరచడం. ఇల్లు చల్లబడటానికి కావలసింది ఆ పూర్తి కప్పుదల. వంకాయలు కావాలంటే మిద్దెతోట పెట్టుకోండి, చల్లదనం కావాలంటే ఇది. రెండూ ఒకే ఎనిమిది సెంటీమీటర్ల మట్టిలో కుదరవు.

ఇది ఎలా పని చేస్తుందో తెలిస్తే ఎక్కడ పని చేయదో కూడా తెలుస్తుంది. మొక్కల ఆకులు ఎండను శ్లాబు దాకా రానివ్వవు. మట్టి మిశ్రమం వేడిని నెమ్మదిగా మాత్రమే కిందికి పంపుతుంది. మూడోది, అన్నిటికంటే బలమైనది, నీరు ఆవిరి కావడం. ఒక లీటరు నీరు ఆవిరయ్యేటప్పుడు కరెంటు మీటరు యూనిట్ల లెక్కలో దాదాపు 0.68 యూనిట్ల వేడిని తీసుకుపోతుంది. మే నెలలో చదరపు మీటరుకు రోజూ మూడు లీటర్లు ఆవిరైతే రెండు యూనిట్ల వేడి అక్కడికక్కడే పోయినట్టు. ఆ చదరపు మీటరు మీద ఆ రోజు పడే ఎండ ఆరు యూనిట్లకు కొంచెం అటూ ఇటూ ఉంటుంది. నీళ్లు పెట్టకపోతే ఈ మూడో లాభం పూర్తిగా పోతుంది, ఎండిన మట్టి పొర ఇచ్చే అడ్డు ఒక్కటే మిగులుతుంది. రెంటచింతల, రామగుండం లాంటి పొడి వేడి ఊళ్లలో ఆవిరి బాగా జరుగుతుంది. కాకినాడ, విశాఖ ఉక్కపోతలో అంత జరగదు. పడమటి గోడ మీద కొట్టే ఎండకు గ్రీన్ రూఫ్ ఏమీ చేయలేదు. కింది అంతస్తులకు చల్లదనం దిగదు. ఈ సంగతి సమావేశంలో మొదటే చెప్పేయండి, లేకపోతే తర్వాత ‘మాకేం లాభం’ అన్న ప్రశ్న తప్పదు.

ఆ ప్రశ్నకు జవాబు కూడా ఉంది. శ్లాబు ఎవరి ఒక్కరిదీ కాదు. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం కప్పు ఉమ్మడి ఆస్తి. రోజూ ఎండకు వ్యాకోచించి, రాత్రికి సంకోచించి పగుళ్లిచ్చే శ్లాబు, ఆ పగుళ్లలోంచి దిగే నీటికి తుప్పు పట్టే ఇనుము, ఇవి భవనం మొత్తానికి సంబంధించినవి. వాటర్‌ప్రూఫింగ్ ఖర్చు అందరిదీ, మొక్కలు, డ్రిప్పు ఖర్చులో పై అంతస్తు వాటా కొంచెం ఎక్కువ అన్న పద్ధతి మాకు న్యాయంగా కనిపిస్తుంది.

ఇక బరువు. మనుషులు తిరిగే డాబా శ్లాబుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చదరపు మీటరుకు 150 కిలోల కదిలే బరువు (మనుషులు, సామాను లాంటిది) లెక్కిస్తుంది. ఎవరూ ఎక్కని కప్పుకైతే 75 కిలోలే. తడిసిన ఎర్రమట్టి ఘనపు మీటరు 1,800 నుంచి 2,000 కిలోలు తూగుతుంది. అంటే పది సెంటీమీటర్ల మట్టి పరిస్తేనే 180 కిలోలు దాటుతుంది, మనిషి కాలు పెట్టకముందే హద్దు మీరిపోతుంది. అందుకే మామూలు మట్టి వద్దంటాం. మూడు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల ఇటుక ముక్కలు సగం, కడిగిన కొబ్బరి పొట్టు మూడు పాళ్లు, ఎర్రమట్టి ఒక పాలు, వర్మీకంపోస్టు ఒక పాలు, మొత్తం పది పాళ్లు. ఎవరు ఏ మిశ్రమం అమ్మినా వాళ్ల కాగితం మీది అంకె నమ్మకండి. పది లీటర్ల బకెట్ అడుగున చిల్లులు పెట్టి, మిశ్రమం నింపి, పూర్తిగా తడిపి, రెండు గంటలు కారనిచ్చి తూకం వేయండి. పది లీటర్లు చదరపు మీటరు మీద పరిస్తే ఒక సెంటీమీటరు మందం. బకెట్ మిశ్రమం పన్నెండు కిలోలు తూగితే ఎనిమిది సెంటీమీటర్లకు 96 కిలోలు. పొరలు, వాటిలో నిలిచే నీరు, మొక్కలు కలిపితే 120 దగ్గరికి వస్తుంది.

ఈ 120 కిలోలు ఎప్పటికీ అక్కడే ఉండే బరువు. కదిలే బరువు కోసం ఉంచిన చోటంతా దీనికే ఇచ్చేస్తే మనుషులు నడవడానికి మిగిలేది లేదు. పైగా ఏళ్ల తరబడి ఉండే బరువుకు శ్లాబు మధ్యలో నెమ్మదిగా వంగుతుంది. వంగితే నీటి వాలు తిరగబడి, నీరు తూము వైపు పోకుండా నట్టనడుమ నిలుస్తుంది, ఆ నీరు మళ్లీ బరువు. కాబట్టి స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం చేసిన లెక్క లేకుండా ముందుకు పోవద్దు. ఆయనకు అసలు డ్రాయింగులు ఇవ్వండి. అవి లేకపోతే శ్లాబు మందం, ఇనుము వరస పరికరంతో కొలిపించండి. తర్వాత కట్టిన పెంట్‌హౌస్, కొత్తగా పెట్టిన నీటి ట్యాంకులు, సెల్ టవర్ ఉంటే దాచకుండా చెప్పండి. సీలింగు పెచ్చులు ఊడుతుంటే, తుప్పు మరకలు కనిపిస్తుంటే ఆ భవనానికి గ్రీన్ రూఫ్ మాట మానేసి ముందు మరమ్మతు చూసుకోండి.

పాత భవనాల్లో ఒక వెసులుబాటు ఉంటుంది. శ్లాబు మీద సున్నం, ఇటుక జల్లితో పది సెంటీమీటర్ల పాత పొర ఉంటే అది చదరపు మీటరుకు దాదాపు 180 కిలోలు. దాన్ని తీసేస్తే ఆ బరువు మనకు తిరిగొస్తుంది. కానీ ఇక్కడే లెక్క తప్పుతారు. ఆ పొరలోనే నీటి వాలు ఉంది. తీసేశాక వాలు కోసం కొత్త గచ్చు వేయాలి, అది సగటున నాలుగు సెంటీమీటర్లున్నా మరో 80, 90 కిలోలు. అంటే నిజంగా మిగిలేది 90, 100 కిలోలు మాత్రమే. ఇంజనీరు లెక్కలో ఈ గచ్చు వరస ఉందో లేదో చూడండి.

బరువు తేలాక నీటి సంగతి. ముందు శ్లాబు పగుళ్లను ఇంగ్లిషు ‘వి’ ఆకారంలో సెంటీమీటరు లోతుకు కోసి పాలిమర్ కలిపిన మోర్టారుతో నింపాలి. వాలు వందకు ఒకటి, అంటే ఐదు మీటర్ల దూరానికి ఐదు సెంటీమీటర్ల దిగుడు. పిట్టగోడ, శ్లాబు కలిసే మూలలో గుండ్రంగా గోలా కట్టాలి. మూల నిటారుగా ఉంటే మెంబ్రేన్ (నీటిని ఆపే పొర) అక్కడే మడతపడి చిరుగుతుంది. తర్వాత నాలుగు మిల్లీమీటర్ల బిటుమెన్ మెంబ్రేన్ మంటతో అతికించడం గానీ, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందానికి పాలియురేథేన్ రెండు పూతలు గానీ. షీటు మీద షీటు పది సెంటీమీటర్లు ఎక్కాలి. గోడ మీద మట్టి మట్టం కంటే పదిహేను సెంటీమీటర్లు పైకి తీయాలి. ఇది తగ్గించే మేస్త్రీలే ఎక్కువ. మేం చూసే లీకుల్లో ఎక్కువ భాగం మధ్యలో ఉండవు, ఈ అంచులోనూ తూము చుట్టూ ఉంటాయి. పని మొదలుపెట్టే ముందు రాత్రి మీటరు పాలిథీన్ షీటును నాలుగు వైపులా టేపుతో శ్లాబుకు అంటించి ఉంచండి. తెల్లారి దాని లోపల నీటి బొట్లు కనిపిస్తే శ్లాబు ఇంకా తడిగా ఉందని అర్థం. ఆ రోజు మెంబ్రేన్ వేస్తే బుడగలు లేస్తాయి.

మెంబ్రేన్ అయ్యాక తూములు మూసి ఐదు సెంటీమీటర్ల నీరు 48 గంటలు నిలబెట్టాలి. ఎండకు ఆవిరయ్యే నీటిని లీకు అనుకోకుండా, అంతే లోతు నీళ్లతో ఒక టబ్బు పక్కన పెట్టండి. రెండింటిలో తగ్గుదల సమానమైతే సరే. కింది ఫ్లాట్లలో ముందే ఉన్న మరకల చుట్టూ సుద్దతో గీత గీసి, రెండో రోజు సాయంత్రం మళ్లీ చూడండి. ఈ పరీక్ష పూర్తికాకుండా కాంట్రాక్టరుకు సగానికి మించి డబ్బు ఇవ్వకండి. పరీక్ష అయ్యాక, పైన పొరలు కప్పక ముందు, ప్రతి అతుకునూ టేపు కొలతతో సహా ఫొటో తీసి సంఘం ఫైల్లో పెట్టండి. గ్రీన్ రూఫ్ కింద లీకు వస్తే చుక్క పడే చోటు ఒకటి, చిల్లు ఉన్న చోటు మరొకటి. అందుకే పెద్ద డాబాను పాతిక, ముప్పై చదరపు మీటర్ల గడులుగా విడదీయమంటున్నాం. ఏదైనా వస్తే ఒక గడి విప్పితే సరిపోతుంది.

బిటుమెన్ మీద నేరుగా మట్టి వేయకూడదు. వేళ్లు దాన్ని చీల్చుకుని పోతాయి. గరిక వేరు సన్నగా కనిపిస్తుంది గానీ దానికి అతుకు దొరికితే చాలు. మెంబ్రేన్ పైన అర మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరు మందం హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ షీటు వేరు అడ్డుగా వేసి, అతుకులను వేడితో వెల్డు చేయించాలి. ధాన్యం బస్తాల మీద కప్పే నీలం పట్టాలు దీనికి పనికిరావు. దాని మీద 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) జియోటెక్స్‌టైల్ అనే సింథటిక్ గుడ్డ, ఆపైన నీరు పారేందుకు ఇరవై మిల్లీమీటర్ల ప్లాస్టిక్ డ్రెయిన్ బోర్డు, ఆపైన 120 నుంచి 150 జీఎస్ఎం వడపోత గుడ్డ, అప్పుడు మట్టి మిశ్రమం. డ్రెయిన్ బోర్డు ఖరీదని దాని బదులు ఐదు సెంటీమీటర్ల కంకర పోస్తామంటారు. అది చదరపు మీటరుకు 80 కిలోలు, మనం కష్టపడి మిగుల్చుకున్న బరువంతా అక్కడే అయిపోతుంది.

పిట్టగోడ వెంట 45 సెంటీమీటర్లు, ప్రతి తూము చుట్టూ 30 సెంటీమీటర్లు మట్టి లేకుండా గులకరాళ్లు మాత్రమే ఉండాలి. తూము మీద చిల్లుల పెట్టె, తీసి చూసేలా మూత. వంద మిల్లీమీటర్ల వాన గొట్టం ఒకటి గంటకు వంద మిల్లీమీటర్ల వానలో సుమారు 43 చదరపు మీటర్ల నీటినే మోయగలదు. 1,200 చదరపు అడుగుల డాబా అంటే 111 చదరపు మీటర్లు, కనీసం మూడు గొట్టాలు కావాలి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ శివార్లలో కొన్ని చోట్ల ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు పైగా కురిసింది. అలాంటి రాత్రి తూముకు ఒక పాలిథీన్ కవరు అడ్డుపడితే చాలు. పది సెంటీమీటర్ల నీరు నిలిస్తే చదరపు మీటరుకు వంద కిలోలు. అందుకే మట్టి మట్టానికి ఐదు సెంటీమీటర్ల పైన పిట్టగోడకు అడ్డంగా రెండు పొంగు గొట్టాలు తప్పనిసరి. పై ఫ్లాట్ వాళ్లకు అవి కనిపించే వైపు పెట్టండి. వాటిలోంచి నీళ్లు దూకుతున్నాయంటే కింది తూము మూసుకుపోయిందని వెంటనే తెలుస్తుంది.

అదే డాబాలో అంచులు, ట్యాంకు, మెట్ల గది, వడియాలు, బట్టలు ఆరేసుకునే చోటు పోగా 80 చదరపు మీటర్లు మొక్కలకు మిగులుతాయనుకుందాం. ఎనిమిది సెంటీమీటర్లకు 6.4 ఘనపు మీటర్ల మిశ్రమం, అంటే 640 బకెట్లు, తడిస్తే ఏడున్నర టన్నులకు పైనే. ఐదు కిలోల కొబ్బరి పొట్టు దిమ్మె నానితే 70 లీటర్లు అవుతుంది, ముప్పై దిమ్మెలు చాలు. పొట్టును రెండుసార్లు మంచినీళ్లలో కడిగి పిండాలి. లేకపోతే అందులోని ఉప్పుకు మొక్కల ఆకుల కొనలు మాడతాయి. కంపోస్టు ఎక్కువేస్తే మొక్కలు ఏపుగా వస్తాయని పాళ్లు పెంచకండి. అది కుళ్లి మట్టి మట్టం దిగిపోతుంది, సన్నని పొడి వడపోత గుడ్డను మూసేస్తుంది. ఇంకో ముఖ్యమైన మాట. బస్తాలు పైకి ఎక్కించే రోజు అన్నీ లిఫ్టు పక్కన ఒక్కచోట పేర్చుతారు. శ్లాబుకు ఆ రోజే అన్నిటికంటే ప్రమాదం. దూలాల మీద, పలచగా, ఒక వరస మాత్రమే పెట్టించండి. దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి.

మొక్కల విషయంలో విదేశీ వీడియోలు చూసి సీడమ్ కోసం పట్టుబట్టకండి. చలి దేశాల్లో బాగుండే ఆ మొక్క మన వానాకాలం ఉక్కలో వేరు కుళ్లి పోతుంది. ఎనిమిది సెంటీమీటర్లలో మన ఎండకు నిలబడేవి మన దగ్గరే ఉన్నాయి: గడ్డి గులాబీ, గంగవాయిల కూర, వామాకు, నల్లేరు, కలబంద, నర్సరీల్లో రియో అని అమ్మే ఊదా ఆకుల మొక్క. కడియం నర్సరీల నుంచి ట్రేలలో తెప్పించవచ్చు, కానీ వీటిలో చాలావాటికి కొమ్మ ముక్కలే చాలు. చదరపు మీటరుకు 16 నుంచి 25. ఒకే రకం వేయకండి, ఒక పురుగు వస్తే మొత్తం బోడి అవుతుంది. కోతుల బెడద ఉన్న చోట కలబంద, నల్లేరు పాలు పెంచండి. గరిక, లాన్ గడ్డి, వెదురు, ఏ రకం చెట్టూ వద్దు.

నీళ్లకు పదహారు మిల్లీమీటర్ల ఇన్‌లైన్ డ్రిప్పు పైపు, 30 సెంటీమీటర్లకో చుక్క రంధ్రం, గంటకు రెండు లీటర్లది, వరసల మధ్య 40 సెంటీమీటర్లు. చదరపు మీటరుకు ఎనిమిది రంధ్రాలు పడతాయి, పన్నెండు నిమిషాలు నడిస్తే మూడు లీటర్లు దాటుతుంది. తెల్లవారి ఆరు నిమిషాలు, పొద్దుగూకాక ఆరు. డాబా మీద అదే మట్టంలో ఉన్న ట్యాంకు నుంచి డ్రిప్పుకు ఒత్తిడి చాలదు, అర హార్స్‌పవర్ మోటారు, దాని ముందు డిస్క్ ఫిల్టర్ పెట్టండి. 80 చదరపు మీటర్లకు రోజుకు 240 లీటర్లు. ఏప్రిల్ నుంచి జూన్ సగం వరకు లెక్కేస్తే 18,000 లీటర్లు, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు నాలుగు. వేసవిలో తాగునీటికే ట్యాంకర్లు కొనే భవనాలు ఈ అంకెను ముందే చూసుకోవాలి. ఏసీల నుంచి కారే నీరు ఉప్పులేనిది, దాన్ని పైపులతో ఒక డ్రమ్ములోకి తేవడం తేలిక. ఆర్వో వదిలే నీరు ఒక్కటే పెడితే ఉప్పు మట్టిలో పేరుకుంటుంది. సగం మంచినీళ్లు కలిపి, వానాకాలంలో ఆపేయండి. సబ్బు నీళ్లు అసలు వద్దు.

నీటికి భరోసా లేకపోయినా, ఇంజనీరు కాదన్నా నిరాశపడక్కర్లేదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం చెప్పేది ఇదే: ఎండను తిప్పికొట్టే తెల్లని పూత, లేదా తెల్లని పలకలు. బరువు లేదు, నీళ్లక్కర్లేదు, ఏటా కడిగి దుమ్ము దులిపితే చాలు. బలహీనమైన శ్లాబు మీద గ్రీన్ రూఫ్ కంటే బలమైన తెల్లపూత వెయ్యి రెట్లు నయం. సోలార్ పెట్టాలనుకునే వాళ్లు దాన్ని గ్రీన్ రూఫ్‌తో కలపవచ్చు. సోలార్ పలకల స్టాండ్ల దిమ్మెలు మాత్రం మెంబ్రేన్ వేయక ముందే కట్టాలి, పలక అడుగు మట్టి నుంచి 60 సెంటీమీటర్లు పైన ఉండాలి.

విశాఖ, శ్రీకాకుళం, నెల్లూరు తీరంలో ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. 2014లో హుద్‌హుద్ గాలి ఏం చేసిందో మీరు చూశారు. గాలి మూలల్లో, అంచుల్లో పైకి లాగుతుంది. విడి ప్లాస్టిక్ ట్రేలతో వేసే గ్రీన్ రూఫ్ మీకు వద్దు, అవి ఎగిరి ఎవరి మీదైనా పడతాయి.

వేశాక నెలకోసారి తూము మూతలు తీసి చూడాలి. పిట్టల రెట్టలతో వచ్చే రావి, మర్రి, మేడి మొలకలను రెండాకులప్పుడే వేరుతో పీకాలి, ఎదిగాక పీకితే మెంబ్రేన్ వెంట వస్తుంది. శామియానా వేసేవాళ్లు మేకు కొట్టకుండా, కేబుల్ వాళ్లు డిష్ కోసం డ్రిల్లింగు చేయకుండా డాబా తాళం వాచ్‌మన్ దగ్గర కాక కార్యదర్శి దగ్గర ఉండాలి. ఒక్క మేకుతో పదేళ్ల గ్యారంటీ పోతుంది, ఆ షరతు కాంట్రాక్టు కాగితంలోనే ఉంటుంది, చదవండి.

కాలం వరస ఇది. డిసెంబర్ సమావేశంలో ఇంజనీరు లెక్కకు మాత్రమే డబ్బు మంజూరు చేయండి. నివేదిక అనుకూలంగా వస్తే జనవరి, ఫిబ్రవరిలో పగుళ్లు, వాలు, మెంబ్రేన్. మార్చిలో నీటి పరీక్ష. మే ఆఖరుకు పొరలు, మట్టి, డ్రిప్పు. తొలకరి పడి నేల చల్లబడ్డాక, జూన్ చివర్లో మొక్కలు. పొరలు, మట్టి వేయక ముందు ఏప్రిల్‌లో ఒక రోజు మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదింటికి పై ఫ్లాట్ సీలింగు వేడిని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో కొలిచి మినిట్స్ పుస్తకంలో రాసి పెట్టండి. మరుసటి ఏప్రిల్‌లో అదే గదిలో, అదే వేళకు మళ్లీ కొలిచి ఆ పక్కనే రాయండి.

ఇట్లు,
డాబాల వాటర్‌ప్రూఫింగ్, గ్రీన్ రూఫ్ పనులు చేసే కొందరు ఇంజనీర్లు, మేస్త్రీలు, తోట పనివారు